కుడి పక్క సీటు

సమాధుల పండుగకి ఈసారి బస్సులో వెళ్దామని లెషెక్ అన్నప్పుడు బోగ్న రొట్టెకి వెన్న రాస్తోంది. కత్తి రొట్టె మీదే ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళుగా నవంబరు ఒకటో తారీకున వాళ్ళిద్దరూ కారులోనే లిపోవెత్స్ వెళ్ళి, ఆవిడ అమ్మానాన్నల సమాధులు కడిగి, దీపాలు పెట్టి వస్తున్నారు. కారు ఆవిడదే, నడిపేదీ ఆవిడే. లెషెక్‌కి లైసెన్సు లేదు. నలభై ఏళ్ళు ఒకే బడిలో బంట్రోతుగా గంట కొట్టి, విరిగిన బల్లలకి కాళ్ళు అతికించి రిటైరైన మనిషి. దారి పొడుగునా పక్క సీట్లో కూర్చుని దీపాల పెట్టె ఒళ్ళో పెట్టుకోవడమే ఆయన వంతు.

"బస్సులోనా?" అంది బోగ్న.

"ద్రెవ్నో దాకా రైలు. అక్కణ్ణుంచి పండుగ బస్సు. నలభై నిమిషాలకొకటి వేస్తున్నారు." లెషెక్ చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్లమీద పరిచాడు.

ఆ కాగితమే బోగ్నకి మింగుడుపడలేదు. ఏదో నోటికొచ్చి అన్నాడనుకుంటే అదో దారి. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో రోజుకి మూడుసార్లు వెతుక్కునే మనిషి, రైలు టైములన్నీ రాసుకొచ్చి, వాటి కింద ఎర్ర పెన్సిల్‌తో గీతలు కూడా గీశాడు. అంటే ఇది ఇవాళ పుట్టిన ఆలోచన కాదు. ఎన్నాళ్ళనుంచో లోపల పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఎందుకని అడిగితే కారణాలు చాలానే చెప్పాడు. రోడ్లన్నీ కిక్కిరిసిపోతాయట. శ్మశానం దగ్గర పోలీసులు దారి మూసేస్తారట. కారు ఎక్కడో పొలంలో వదిలి బురదలో నడవాలట. అన్నీ నిజాలే. కాకపోతే ఇరవై రెండేళ్ళనుంచీ నిజాలే, ఈ ఏడు కొత్తగా వచ్చిపడ్డవి ఒక్కటీ లేవు. పైగా ఆ బురదలో బూట్లు దిగబడుతుంటే నవ్వుకుంటూ నడిచిన మనిషి ఈయనే.

"ఇరవై ఏడేళ్ళు ఈ ఊళ్ళో ట్రామ్ నడిపాను," అంది బోగ్న. "ఊరందర్నీ మోశాను. ఇప్పుడు నన్ను ఎవడో మోసుకెళ్ళాలా?"

లెషెక్ కాగితాన్ని పాత మడతల వెంబడే మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. బోగ్నకి అది కూడా నచ్చలేదు. ఓడిపోయినవాడు కాగితం చెత్తబుట్టలో వేస్తాడు గాని జేబులో దాచుకోడు.

ఆ రోజంతా ఆవిడ మనసు దీని చుట్టూనే తిరిగింది. కుండలో క్యాబేజీ ఉడుకుతుంటే గరిటె పట్టుకుని ఆలోచించింది. కూతురు కింగా గుర్తొచ్చింది. కింగా మొగుడి కారు వేసవిలో షెడ్డుకి వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. ఆగస్టులో వచ్చినప్పుడు అల్లుడు కారు చుట్టూ ఒకసారి తిరిగి, "మీకిప్పుడు దీనితో పెద్ద పనేముంది అత్తయ్యా," అన్నాడు, సరదాకి అన్నట్టు. అప్పుడు నవ్వేసింది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. మొన్న ఆదివారం లెషెక్ బాల్కనీలో నిలబడి పావుగంటసేపు కూతురితో గుసగుసలాడాడు. ఈవిడ తలుపు తీసేసరికి గొంతు పెంచి, అక్కడ వాన పడుతోందా అని అడిగాడు. పావుగంట మాట్లాడుకోవాల్సినంత వాన ఎక్కడా పడదు.

అయితే ముందు బస్సు అలవాటు చేస్తారు. తరవాత, కారు ఊరికే పడి ఉంది కదా అంటారు. ఆ తరవాత తాళం చెవి అడుగుతారు. ఇదీ లెక్క అనుకుంది బోగ్న, గరిటె కుండ అంచుకి గట్టిగా కొట్టి.

* * *

మర్నాడు పొద్దున బకెట్టు, పాత బనియన్ గుడ్డ పట్టుకుని కారు తుడవడానికి కిందికి దిగింది. పండుగకి కారు మెరిసిపోవాలి. చనిపోయినవాళ్ళ దగ్గరికి మట్టికొట్టుకుపోయి వెళ్ళడం ఆవిడకి సయించదు. అద్దం మొదలుపెట్టి, బానెట్, ఎడమ తలుపులు, వెనకభాగం తుడిచి, కుడి పక్కకి వచ్చింది. సాధారణంగా ఆ పక్కకి ఆవిడ వెళ్ళదు, స్టీరింగు ఎడమవైపు కాబట్టి అటు లెషెక్ ఎక్కుతాడు. వెనక తలుపు మీద మోచేతి నుంచి మణికట్టు దాకా ఉన్నంత పొడుగున గీత. నీలం రంగు లేచిపోయి, గీతలో తెల్ల రంగు అంటుకుని ఉంది.

బోగ్న మోకాళ్ళ మీద కూర్చుంది. గోటితో గీరింది. తెల్ల పొడి రాలింది. తల తిప్పి చూస్తే పక్కనే నోర్బెర్ట్ వ్యాను, తెల్లగా, ఏనుగంత.

నోర్బెర్ట్ కింది అంతస్తులో ఉంటాడు. టైల్స్ మేస్త్రీ. మనిషి మర్యాదస్తుడే, మెట్ల మీద కనిపిస్తే టోపీ తీస్తాడు. బోగ్న మాత్రం మర్యాదని ఎప్పుడూ పూర్తిగా నమ్మలేదు. ట్రామ్‌లో టికెట్టు లేకుండా ఎక్కేవాళ్ళే అందరికంటే ముందు నమస్కారం పెట్టేవారు. ఇంకాస్త వెతికితే ముందు తలుపు కింద రెండు చిన్న గీతలు, పక్క అద్దం అంచున ఒక పగులు. ఇవి ఒక్కరోజులో అయినవి కావు. వీడు నెలల తరబడి గీకుతున్నాడు, కిమ్మనకుండా టోపీ తీస్తున్నాడు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

పైకి వెళ్ళి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది. 'మీ వ్యాను నా కారుని మూడుసార్లు గీకింది. మనిషన్నవాడు వచ్చి చెప్పుకుంటాడు. చూసి నడపడం రాకపోతే నడక నేర్చుకోండి. రెండో అంతస్తు, బోగ్న.' పేరు కింద రెండు గీతలు గీసి, దాన్ని తీసుకెళ్ళి వ్యాను వైపరు కింద ఇరికించింది.

సాయంత్రం కిటికీలోంచి చూస్తోంది. నోర్బెర్ట్ వచ్చాడు, కాగితం తీశాడు, నిలబడే చదివాడు. తలెత్తి రెండో అంతస్తు కిటికీ వైపు చూశాడు. బోగ్న తెర వెనక్కి జరగలేదు, చూస్తే చూడనీ అనుకుంది. అతను కాగితం మడిచి జేబులో వేసుకుని, వ్యాను స్టార్ట్ చేసి, ప్రాంగణం అవతలి చివర చెత్త డబ్బాల పక్కన పెట్టుకుని, అంత దూరం నడిచి వచ్చాడు. పైకి వచ్చి తలుపు మాత్రం తట్టలేదు.

"చూశావా," అంది బోగ్న మొగుడితో. "తప్పు చెయ్యనివాడైతే వచ్చి పోట్లాడతాడు. వీడు పారిపోయాడు."

లెషెక్ దినపత్రికలోంచి తల ఎత్తలేదు. ఆ పేజీలో పెద్ద వార్తలేవీ లేవని బోగ్నకి తెలుసు, మధ్యాహ్నం తనే చదివింది.

కాసేపటికి ఆలుగడ్డలు తెస్తానని ఆయన సెల్లారుకి దిగాడు. ఆలుగడ్డలు తేవడానికి ఐదు నిమిషాలు చాలు. ఇరవై నిమిషాలైంది. బోగ్న చెప్పులు విప్పేసి, మేజోళ్ళతోనే మెట్లు దిగింది. సెల్లారులో వాళ్ళ గది తలుపు చెక్క పట్టీలది, సందుల్లోంచి లోపలంతా కనిపిస్తుంది. ఊరగాయ దోసకాయల సీసాల మధ్య లెషెక్ ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఒళ్ళో పెద్ద సైడు అద్దం ఉంది, వ్యాను అద్దం. విరిగిన తొడుగుకి సన్నటి బ్రష్‌తో జిగురు రాస్తున్నాడు. రాసిన చోట వేలితో నొక్కి, పెదాలు కదుపుతూ ముప్పై దాకా లెక్కపెట్టి, వేలు తీసి, పక్కకి జరిపి మళ్ళీ నొక్కుతున్నాడు. బడి బల్లలు అలాగే అతికించేవాడు. పక్కనే దుప్పట్లు కట్టుకునే బెల్టు సిద్ధంగా ఉంది, బిగించి కట్టడానికి.

బోగ్న నోరు తెరవబోయి ఆగింది. తన కారుని గీకినవాడి అద్దాన్ని తన మొగుడు రహస్యంగా బాగుచేసి పెడుతున్నాడు. దీనికి అర్థం ఏమిటి? వచ్చిన దారినే మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆలుగడ్డలు తెచ్చిన లెషెక్ చేతులు సబ్బుతో చాలాసేపు కడుక్కున్నాడు. జిగురు వాసన పోలేదు.

* * *

ముప్పై ఒకటో తారీకు పొద్దున బోగ్న హొనొరాతా గారి దగ్గరికి ఆరా తీయడానికి వెళ్ళింది. హొనొరాతా గారు మొదటి అంతస్తులో కిటికీ అరుగు మీద దిండు వేసి, మోచేతులు ఆన్చి, పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా ప్రాంగణాన్ని చూస్తూ ఉంటుంది. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎవరి కుక్క ఎక్కడ గలీజు చేసింది, ఎవరు చెత్త ఏ డబ్బాలో వేశారు, అన్నీ ఆవిడకి తేదీలతో సహా తెలుసు. బ్లాకు సంఘం వాళ్ళు కెమెరాలు పెడతామంటే, హొనొరాతా గారుండగా ఎందుకండీ దండగ అని జనమే వద్దన్నారు.

బోగ్న అరడజను బాదం బిస్కెట్లు పట్టుకెళ్ళింది. టీ తాగుతూ, ఊరికే అడిగినట్టు, నోర్బెర్ట్ వ్యాను తన కారుని గీకడం ఎప్పుడైనా చూశారా అని అడిగింది.

హొనొరాతా గారు దిండు సర్దింది. ఒక బిస్కెట్టు తుంచింది. తుంచిన ముక్క తినకుండా మళ్ళీ పళ్ళెంలో పెట్టింది. "నేను అన్నీ చూస్తానా ఏమిటి," అంది.

నలభై ఏళ్ళలో ఆవిడ నోట ఈ మాట ఎవరూ విని ఉండరు. బోగ్న ముక్కున వేలేసుకోవడం ఒక్కటే తక్కువ.

"పిల్లవాడు మంచివాడు బోగ్నా గారూ," అంది హొనొరాతా గారు, ఎటో చూస్తూ. "మీరు ఆ కాగితం పెట్టకుండా ఉండాల్సింది. రేపు బస్సులో వెళ్తున్నారటగా? హాయిగా వెళ్ళండి. కిటికీ పక్కన కూర్చుని ఊళ్ళు చూసుకుంటూ."

బస్సు సంగతి ఈవిడకి ఎవరు చెప్పారు? అంటే లెషెక్, నోర్బెర్ట్, ఈవిడ, ఊళ్ళో లేని కింగా, అందరూ ఒక్కటై ఏదో మాట్లాడుకున్నారు. తనకి తప్ప బ్లాకంతటికీ తెలిసిన విషయం ఏదో ఉంది. బోగ్న టీ సగంలో వదిలేసి లేచింది.

మధ్యాహ్నం చామంతి కుండీలు తేవడానికి కారు తీసింది. ఇంజను చప్పుడు వినగానే హొనొరాతా గారు కిటికీలోంచి ఇసుక గుంటలో ఆడుకుంటున్న పిల్లల్ని కేకేసింది, లోపలికి రండి, మిఠాయి ఇస్తానని. వేసవినుంచీ ఇదో కొత్త అలవాటు ఆవిడకి. తన పిల్లల్ని ఎన్నడూ ముద్దు చెయ్యని మనిషికి ఊళ్ళో పిల్లల మీద ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందో అనుకుంటూ బోగ్న గేటు దాటింది.

ఆ రాత్రి పడుకోబోయే ముందు ఒక నిర్ణయానికి వచ్చింది. వీళ్ళందరి సంగతీ పండుగ వెళ్ళాక తేలుస్తుంది. రేపు మాత్రం తను కారులోనే వెళ్తుంది. వచ్చేవాడు వస్తాడు, రానివాడు బస్సెక్కుతాడు.

* * *

ఒకటో తారీకు పొద్దున లెషెక్ గడ్డం గీసుకుంటుండగా ఆవిడ మూడుసార్లు కిందికి దిగి సామాను సర్దేసింది. తెల్ల చామంతులు రెండు కుండీలు వెనక సీట్లో పెట్టి బెల్టులు కట్టింది. గాజు దీపాలు, సమాధి తోమే బ్రష్, నీళ్ళ సీసాలు, సమాధుల మీద పరిచే ఫర్ చెట్టు కొమ్మల మోపు డిక్కీలో సర్దింది. ఇంజను స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు చూస్తాను, రాకపోతే వెళ్ళిపోతాను అనుకుంది.

లెషెక్ నాలుగో నిమిషంలో వచ్చాడు. గడ్డం సగం సగంగానే ఉంది. చెవి కింద సబ్బు నురగ. కారుని చూశాడు, బోగ్నని చూశాడు. అరుస్తాడనుకుంది, అలిగి వెనక్కి పోతాడనుకుంది. రెండూ చెయ్యలేదు. కుడి పక్క తలుపు తీసి, కూర్చుని, బెల్టు పెట్టుకున్నాడు. ముఖం పాలిపోయి ఉంది.

"బస్సు?" అంది బోగ్న.

"నువ్వు దీంట్లో వెళ్తుంటే నేను బస్సులో ఎలా వెళ్తాను," అన్నాడు.

ఊరు దాటగానే మొదలుపెట్టాడు. అదుగో సైకిలు మీద పెద్దమనిషి. అదుగో ఆ మలుపులో ట్రాక్టరు. ఎంత పెద్ద కుండీ మోస్తోందో చూడు ఆ పిల్ల, రోడ్డు దాటుతుంది కాబోలు. ముప్పై అయిదేళ్ళ కాపురంలో పది మాటలకి ఒకటి మాట్లాడిన మనిషి, మొన్న వసంతంనుంచీ కారెక్కితే చాలు నోరు మూయడం లేదు. దారిలో కనిపించిన ప్రతి పిట్టనీ, ప్రతి కుక్కనీ చెప్పాల్సిందే. బోగ్నకి ఇన్నాళ్ళూ అది ముసలితనం చాదస్తంలా తోచింది. ఇవాళ మాత్రం వేరేగా వినిపించింది. ప్రతి మాటలో 'నీకు చేతకాదు' అన్నట్టు ఉంది. తనకి నడపడం చేతకాదని తనతోనే ఒప్పించి, కారు లాక్కునే పథకం ఇది. రోజూ ఒక చుక్క పోస్తున్నాడు.

"లెషెక్," అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "లిపోవెత్స్ చేరేదాకా ఇంకొక్క మాట మాట్లాడకు. ఒక్కటంటే ఒక్కటి. మాట్లాడితే కారాపి ఇక్కడే దింపేస్తాను."

ఆయన ఆవిడ వైపు తిరిగి చూశాడు. ఏదో అనబోయాడు. పెదాలు మూసుకున్నాడు. ఒళ్ళో చేతులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి.

ఆ తరవాత పాతిక కిలోమీటర్లు కారులో చప్పుడు లేదు. బోగ్నకి ప్రాణం హాయిగా ఉంది. రోడ్డు తడిగా ఉన్నా పొగమంచు లేదు. ముందు కార్లు వరసగా, మెల్లగా, ప్రతిదాని వెనక అద్దంలోంచి చామంతులు కనిపిస్తూ పోతున్నాయి. తను ఎంత బాగా నడుపుతోందో తనకే తెలుస్తోంది. ముందు కారుకి సరైన దూరం, గేరు మార్చితే చప్పుడు లేదు. ద్రెవ్నో దాటి, లిపోవెత్స్ ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా ఒక చిన్న ఊరు వచ్చింది. ఫైర్ స్టేషను, దాని ముందు జీబ్రా గీతలు. ముందు కారు దాటిపోయింది. దారి ఖాళీగా ఉంది. బోగ్న అదే వేగంతో పోతోంది.

లెషెక్ మాట్లాడలేదు. వంగి, రెండు చేతులతో హ్యాండ్‌బ్రేకు లాగేశాడు.

కారు కీచుమని వెనకభాగం ఊగి నిలబడింది. వెనక కుండీల్లో ఒకటి బెల్టులో ఒరిగింది. ఏం చేశావని అరవబోయి బోగ్న తల తిప్పేసరికి, బానెట్ ముందు ఒక ముసలమ్మ నిలబడి ఉంది. నల్ల కోటు, ఊదా రంగు చామంతుల కుండీ చేతుల్లో. కుండీ అడుగు బానెట్‌కి ఆనుకుని ఉంది. కారుకీ ఆవిడకీ మధ్య అంతకంటే చోటు లేదు.

బోగ్న అద్దం దించింది. "ఎక్కణ్ణుంచి వచ్చారమ్మా, ఇలా ఒక్కసారి..."

ముసలమ్మ కోప్పడలేదు. అర్థం కానట్టు చూసింది. "సగం రోడ్డు దాటేశానుగా," అంది. "మీరు నన్నే చూస్తున్నారనుకున్నాను. సూటిగా నా వంకే చూస్తున్నారు." కుండీ సర్దుకుని, మిగతా సగం దాటుకుని వెళ్ళిపోయింది.

* * *

బోగ్న కారుని ఫైర్ స్టేషను గోడ పక్కకి చేర్చి ఆపింది. తాళం చెవి తీసింది. వెనక కార్లు హారన్లు కొట్టుకుంటూ వెళ్ళాయి.

"కిందికి దిగు," అంది చివరికి.

దింపేస్తానన్న మాట నిలబెట్టుకుంటోంది కాబోలనుకుని లెషెక్ దిగాడు. ఆవిడా దిగింది. గోడ దగ్గర ఆయన్ని తనకి ఎదురుగా నిలబెట్టింది. ట్రామ్ డిపోలో మూడేళ్ళకొకసారి డాక్టరు కళ్ళ పరీక్షకి ఇలాగే నిలబెట్టేవాడు.

"నేను నీ ముక్కునే చూస్తూ ఉంటాను. నువ్వు ఒక వేలు వెనకనుంచి మెల్లగా ముందుకి తీసుకురా. కనిపించగానే చెప్తాను. ముందు ఎడమవైపు."

లెషెక్ ఎడమ పక్కనుంచి వేలు తెచ్చాడు. చెవి దగ్గరుండగానే, కనిపించింది అంది.

"ఇప్పుడు కుడి."

ఆయన ముక్కునే చూస్తోంది. చెవి కింద ఎండిపోయిన సబ్బు నురగ తెల్లగా కనిపిస్తోంది. ఒక కారు వెళ్ళింది. ఇంకో కారు వెళ్ళింది.

"మొదలుపెట్టు," అంది.

"మొదలుపెట్టాను బోగ్నా."

ఇంకా ఏమీ లేదు. నల్లగా ఏదో కమ్మినట్టు కూడా లేదు. గోడ ఉంది, ఆకాశం ఉంది, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. వేలు మాత్రం లేదు. తరవాత ఎక్కణ్ణుంచో ఊడిపడ్డట్టు ముక్కు పక్కనే వేలు కనిపించింది, జిగురు మరక ఎండిన గోరుతో సహా.

బోగ్న బానెట్ మీద చెయ్యి ఆన్చి నిలబడింది. ఈ చూపుతో తను రోజూ గేటు దాటింది. ఇసుక గుంట ఆ గేటుకి కుడి పక్కనే ఉంది.

లెషెక్ చెప్పాడు, ఒక్కొక్కటిగా, నేల చూపులు చూస్తూ. మార్చిలో పెట్రోలు బంకు దగ్గర స్తంభాన్ని రాసుకుపోయింది. జూన్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి నోర్బెర్ట్ వ్యానుకి తగిలింది. రెండోసారి వ్యాను అద్దం విరిగింది. లెషెక్ వెళ్ళి బతిమాలుకుంటే నోర్బెర్ట్, పోనీలెండి, ఆవిడకి చెప్పకండి, బాధపడతారు అన్నాడు. కింగా తన ఊళ్ళో కంటి డాక్టరు దగ్గర డిసెంబరులో రోజు తీసుకుంది. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు ఏదో వంకతో తీసుకెళ్ళాలనుకున్నారు. ఈలోగా ఈ పండుగ వచ్చిపడింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"మూడుసార్లు మొదలుపెట్టాను. మొదటిసారి నన్ను కడిగిపారేశావు. రెండోసారి రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోసారి నాకే ధైర్యం చాల్లేదు." లెషెక్ నేల మీంచి చూపెత్తి, "నీ పక్కన కూర్చుని చూసిపెడితే సరిపోతుందనుకున్నాను. నేను చేసిన తప్పు అదే," అన్నాడు.

బోగ్న ఆయన చెవి కింద నురగని బొటనవేలితో తుడిచింది.

ఫైర్ స్టేషను లోపల కాఫీ తాగుతున్న మనిషిని అడిగితే, కారు రేపటిదాకా ఇక్కడే ఉంచండి, ఎవరూ ముట్టుకోరు అన్నాడు. రేపు దాన్ని ఇంటికి ఎవరు తోలుకెళ్తారని లెషెక్ బస్సు స్టాపుకి నడిచేటప్పుడు మెల్లగా అడిగాడు.

"నోర్బెర్ట్‌ని అడుగుతాను," అంది. "నువ్వు కాదు. నేనే వెళ్ళి తలుపు తట్టి అడుగుతాను."

పండుగ బస్సు పావుగంటలో వచ్చింది. లోపల జనం, తడి కోట్లు, ఎక్కడ చూసినా చామంతులు. ఒక కుండీ లెషెక్, ఒకటి బోగ్న పట్టుకుని, ముందు వరసలో దొరికిన రెండు సీట్లలో ఇరుక్కున్నారు. డ్రైవరు పడుచు పిల్ల, జుట్టు ముడి వేసుకుని, చేతులకి వేళ్ళు లేని గ్లవ్స్ తొడుక్కుంది. బోగ్నకి తెలియకుండానే చూపు ఆ పిల్ల చేతుల మీదికి పోయింది. ఇక నుంచి ఎక్కడికి వెళ్ళినా ఇలా ఇంకొకరి వీపు చూస్తూ వెళ్ళడమే. ఏడుపొస్తుందేమోనని పళ్ళు బిగించుకుంది.

డ్రైవరు పిల్ల తలుపు మీట నొక్కబోయి, కుడి పక్క అద్దంలోకి చూసి ఆగింది. ఇద్దరు మనుషులు ఇంకా మెట్ల దగ్గర ఉన్నారు. వాళ్ళు ఎక్కేదాకా ఆగి, మళ్ళీ అద్దంలోకి చూసి, అప్పుడు తలుపు వేసింది. బస్సు కదిలింది.

బోగ్న ఆ అద్దాన్నే చూస్తూ ఉండిపోయింది. ట్రామ్ తలుపులన్నీ కుడి పక్కనే ఉంటాయి.

"మార్చి కంటే ముందు సంగతి?" అని అడిగింది కాసేపయ్యాక. "ముందు బాగానే ఉందా?"

"మార్చిలో నేను గమనించాను," అన్నాడు లెషెక్. "అంతే నాకు తెలిసింది."

బోగ్నకి తను రిటైరయ్యే ముందు చివరి చలికాలం గుర్తొచ్చింది, అంటే రెండేళ్ళ క్రితం. డిపో డాక్టరు ఆఖరిసారి చూసి అప్పటికే రెండేళ్ళు దాటింది. ఆస్పత్రి స్టాపులో ఒకావిడ కోటు తలుపులో చిక్కుకుంది. ట్రామ్ ఆవిడని పది గజాలు ఈడ్చుకుపోయింది. మోకాలు చితికింది. ఆవిడ ఆస్పత్రిలో పనిచేసే మనిషి, నేల తుడుస్తుంది. తలుపు వేసేటప్పటికే నేను మెట్టు మీద ఉన్నాను అని ఫిర్యాదు ఇచ్చింది. డిపోలో విచారణ జరిగింది. బోగ్న తన చేత్తో వాంగ్మూలం రాసిచ్చింది, ఆ ప్రయాణికురాలు తలుపు మూసుకుంటుండగా పరుగెత్తుకుంటూ వచ్చింది, నేను అద్దంలో చూశాను, మెట్టు ఖాళీగా ఉంది అని. పాతికేళ్ళ పైన మచ్చ లేని డ్రైవరు మాట ముందు నేల తుడిచే మనిషి మాట నిలవలేదు. గదిలోంచి బయటికి వెళ్తూ ఆవిడ బోగ్న వంక చూసి, నేను అబద్ధం చెప్పడం లేదమ్మా అంది. ఆ కుంటి నడక చూసి కూడా బోగ్న నమ్మలేదు. ఎంత నటన అనుకుంది.

బస్సు లిపోవెత్స్ మలుపు తిరిగింది. జనం లేచి కుండీలు ఎత్తుకుంటున్నారు. లెషెక్ కూడా లేచి, రమ్మన్నట్టు చెయ్యి చాచాడు. బోగ్న లేవలేదు. ఒళ్ళో కుండీని రెండు చేతులతో పట్టుకుని, ముందు అద్దం వంకే చూస్తోంది.

"ఆవిడ పరుగెత్తుకు రాలేదు లెషెక్," అంది.

"ఎవరు?"

"ముందునుంచీ మెట్టు మీదే ఉంది. నేనే చూడలేదు."